బుర్గి మళ్ళీ స్కీలు కట్టింది

నోట్‌బుర్గా అన్న పూర్తి పేరు చర్చి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. మంచు కొండల్లోని హింటర్‌బాఖ్ ఊళ్ళో ఆమె అందరికీ బుర్గి. ఇరవయ్యారు చలికాలాలు ఊరి పైనున్న పాత లిఫ్టు దగ్గర నిలబడింది. మంచు మీద జారడానికి స్కీలు కట్టుకుని వచ్చిన వాళ్ళకి కర్ర అందించడం, దాన్ని ఆనుకున్న వాళ్ళని తీగ కొండ మీదికి లాక్కుపోతుంటే చూడడం, మధ్యలో ఎవరైనా పడితే మైకులో "లేవండి, దారి వదలండి!" అని అరవడం ఆమె పని. ఎంత మందిని కొండెక్కించిందో లెక్క లేదు. తను మాత్రం ఎక్కలేదు.

ఎందుకు మానేసిందంటే పెద్ద కథేమీ లేదు. ఇరవయ్యేడో ఏట కడుపుతో ఉండి, ఈ ఒక్క చలికాలం ఆగుదామనుకుంది. మరుసటేడు చంటిపిల్ల. ఆ పై ఏడు అత్తగారు మంచాన పడింది, పదకొండు ఆవులూ బుర్గి చేతికొచ్చాయి. తర్వాత ఉద్యోగం. మానెయ్యమని ఎవరూ అనలేదు, మానేస్తున్నానని ఆమే అనుకోలేదు. తిరిగి చూసుకునేసరికి ముప్ఫై అయిదేళ్ళు.

నిరుడు పాత లిఫ్టు పీకేసి కుర్చీల లిఫ్టు పెట్టారు. దానికి కర్ర అందించే మనిషి అక్కర్లేదు. బుర్గి చేతిలో పింఛను కాగితాలూ ఒక పూలకుండీ పెట్టి పంపారు. జనవరిలో ఒక పొద్దున ఆవుల పని ముగించి వంటింట్లో కూర్చుంటే ఏమీ తోచలేదు. లేచి అటక మీంచి తన పాత స్కీలు దించింది. ఆ రోజుల్లో చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా రావాలి స్కీ. అంతకన్నా పొట్టిదైతే నలుగురూ నవ్వేవారు. పాత బూట్లు తుడిచి తొడుక్కుంది.

"ఎక్కడికే ప్రయాణం?" అన్నాడు భర్త లోయిస్, కాఫీ కప్పు దించకుండానే.

"కొండ మీదికి."

"మేతకెళ్ళిన ఆవులు సెప్టెంబర్లోనే దిగొచ్చాయిగా. ఇప్పుడక్కడ నీకేం పని?"

"పనేమీ లేదు. అందుకే వెళ్తున్నా."

చర్చి మలుపు దాటకుండానే కుడి బూటు పటుక్కుమంది. నాలుగడుగుల్లో మడమ ఊడింది. ఇంకో అడుగుకి, ఏళ్ళ తరబడి అటక మీద ఎండిన ఆ ప్లాస్టిక్ అప్పడంలా ముక్కలై రాలిపోయింది. బుర్గి మేజోడుతో మంచులో నిలబడింది. బేకరీ మెట్ల మీంచి జెంజి చూడనే చూసింది. జెంజి లోయిస్ చెల్లెలు. అరవై నిండినా ఏ చలికాలమూ స్కీలు విప్పలేదు, ఏనాడూ నోరు మూయలేదు.

"ఏంటొదినా, బండి విరిగిందా?"

"నవ్వకే. నిన్నటిదాకా బాగానే ఉన్నాయి ఇవి."

"అటక మీద కూర్చుంటే నేనూ బాగానే ఉంటా. పద, యోడోక్ కొట్టుకి."

స్కీలు అద్దెకిచ్చే యోడోక్‌కి ఇప్పుడు గుబురు గడ్డం. వాడికి నాలుగేళ్ళప్పుడు నడుం పట్టుకుని లిఫ్టు ఎక్కించింది బుర్గే. వాడు కాగితం తీశాడు.

"బరువెంత, బుర్గీ అత్తా? పడ్డప్పుడు స్కీ ఎంత దెబ్బకి ఊడాలో బిగించాలిగా."

పక్కనే జెంజి. "అరవై ఆరు," అంది బుర్గి.

"వయసు?"

"మీ అమ్మా నేనూ ఒకే బల్ల మీద చదువుకున్నాం. లెక్కేసుకో."

వేరే బూట్లు తొడిగించి, మర బిగించి స్కీలు తెచ్చి నిలబెట్టాడు. అవి ఆమె గడ్డం దాకా వచ్చాయి.

"ఇవి చిన్నపిల్లలవి కదురా!"

"పెద్దవాళ్ళవే అత్తా. చూడు, నడుం సన్నం, రెండు కొసలూ వెడల్పు. కాస్త వాలిస్తే చాలు, వాటంతటవే తిరుగుతాయి."

"వాటంతటవే తిరిగేటట్టయితే నేనెందుకు పైన?" అంది బుర్గి. తలకి హెల్మెట్ మాత్రం మాట్లాడకుండా పెట్టించుకుంది.

పైకి చేరాక కాళ్ళు రెండూ దగ్గరగా చేర్చి, మోకాళ్ళు వంచి, ఒక్కసారి పైకి లేచి నడుం విసిరింది. పద్దెనిమిదో ఏట జిల్లా పోటీలో రెండో స్థానం తెచ్చిన మలుపు అది. ఎడమ స్కీ ఊడి పక్కకి పోయింది, ఆమె ఇంకో పక్కకి పోయింది. జనం తప్పుకుని పోతుంటే ముఖం నిండా మంచుతో పడి ఉంది. "దారి వదలండి" అని ఎన్ని వేల సార్లు అరిచి ఉంటుంది! పడ్డ మనిషికి దారి సంగతి తర్వాత, ముందు తన కాళ్ళెటున్నాయో తెలియాలి. ఆ ముక్క ఇన్నేళ్ళూ తెలియనే లేదు.

మూడోసారి కూడా స్కీ ఊడేసరికి జెంజికి అనుమానమొచ్చింది.

"వదినా, ఆ అరవై ఆరు ఏ సంవత్సరానిది?"

బుర్గి చేతి తొడుగు దులుపుకుంది. "పెద్దమ్మాయి పెళ్ళప్పటిది."

జెంజి నవ్వి నవ్వి తనూ మంచులో కూలబడింది. ఎలాగో కిందికి దిగారు. కొట్టులో నలుగురు వరసలో ఉండగా బుర్గి యోడోక్ మీదికి వంగి గొంతు తగ్గించింది. "డెబ్బై ఎనిమిది రాసుకో."

వాడు తలెత్తకుండా మర తిప్పాడు. "ఆడవాళ్ళందరూ ముందు అదే చెప్తారత్తా."

"ఏది?"

"అరవై ఆరు."

ఆ తర్వాత స్కీలు ఊడలేదు. కానీ మాట కూడా వినలేదు. ఒళ్ళు అన్నీ మరిచిపోయి ఉంటుందని భయపడింది గానీ అది ఏదీ మరవలేదు. చిక్కల్లా అదే. మలుపు రాగానే మోకాళ్ళు పాత ఆజ్ఞ ప్రకారం ఎగిరేవి, కొత్త స్కీలు బెదిరి జారేవి.

"తిప్పకొదినా," అంది జెంజి, ఈసారి నవ్వకుండా. "కాళ్ళు ఎడంగా పెట్టు. మోకాళ్ళు ఓ పక్కకి వాల్చి ఊరుకో."

"ఊరుకుంటే?"

"ఊరుకో, అంతే."

ఊరుకోవడం ఆమెకి చేతకాని పని. మధ్యాహ్నానికి ఒళ్ళు అలిసి, ఎగిరే ఓపిక లేక, ఓ చోట ఊరికే వాలింది. కాలి కింద స్కీ అంచు మంచుని కరిచిపట్టి, నున్నగా, చప్పుడు లేకుండా ఆమెని ఇటు నుంచి అటు తిప్పేసింది. కెవ్వుమంది బుర్గి. ఆగి నిలబడ్డాక సంతోషమో అవమానమో తెలియలేదు.

"మా నాన్న రెండు చలికాలాలు కొట్టి నేర్పాడే. ఈ చెక్కలకి అందులో ఏదీ అక్కర్లేదు."

జెంజి బూటు మీది మంచు దులిపింది. "ఇరవై ఏళ్ళ కింద ఇవి కొత్తగా వచ్చినప్పుడు నేనూ వారం రోజులు ఇంటికెళ్ళి ఏడ్చాను. నువ్వు లిఫ్టు దగ్గర రోజూ నాకు కర్ర అందించావు. అయినా నీకేం తెలుసు!"

"చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వెక్కేదానివా?"

ఆ చలికాలం బుర్గి పదకొండు రోజులు కొండెక్కింది. పాత అందం రాలేదు. మోకాళ్ళు మధ్యాహ్నం దాకానే పలికేవి. ఆ పైన చీజ్ ఉండల సూప్ తాగి దిగి వచ్చేది.

మార్చిలో ఒక పొద్దున ఒంటరిగా పైన ఉండగా లోయిస్ ఫోను చేశాడు. "మచ్చలావు ఈనుతోంది. దూడ కాళ్ళే ముందొచ్చాయి, అవీ వెనక కాళ్ళు. డాక్టరు పక్క లోయలో ఉన్నాడట."

"నీళ్ళు కాచి పెట్టు. వస్తున్నా."

కొండ దిగి, పచ్చిక బయలు మీది మంచులోంచి నేరుగా కొట్టం తలుపు దాకా వచ్చింది. స్కీలు ఊడదన్ని, బూట్లతోనే మోకాళ్ళ మీద కూర్చుని చేతులు సబ్బుతో కడిగింది. పావుగంటకి దూడ బయటపడింది, పెయ్యదూడ. గడ్డితో దాని ముక్కు తుడుస్తుంటే లోయిస్ అడిగాడు:

"అంత తొందరగా ఎలా వచ్చావే? ఎన్ని మలుపులో అక్కడ!"

బుర్గి ఆలోచించింది. ఒక్క మలుపూ గుర్తు రాలేదు.

"ఏమో," అంది. "తువ్వాలివ్వు."