కాళ్ళు కొండవైపు

సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాటుకి ఒక బాంబ్ షెల్టర్ ఉంది. ఇక్కడ కొత్త ఫ్లాట్లన్నిటికీ ఉంటుంది. మందపాటి కాంక్రీటు గోడలు, ఇనప తలుపు, కిటికీ ఉండదు. యుద్ధం ఇంకా రాలేదు కాబట్టి అందరూ అందులో బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పెట్టుకుంటారు. మేం మా అత్తగారిని పెట్టాం.

మలేసియాలో మామగారు పోయాక ఆవిడ మా దగ్గరికొచ్చింది. ఉన్నవి రెండు పడగ్గదులు, పిల్లలకి పరీక్షలు. "నాకా కొట్టుగది చాలు," అంది. మేం గట్టిగా కాదనలేదు. నిజానికి మెల్లగా కూడా అనలేదు. "అమ్మమ్మకి సొంత బంకర్, కూల్ లా!" అన్నాడు మావాడు ఇక్కడి ఇంగ్లీషులో.

తలుపు ఉత్తరాన ఉంది. ఉత్తరానికి తలపెడితే ఆయుష్షు తగ్గుతుందంటారు కదా, మడతమంచం వేసి తలగడ లోపలి గోడవైపు పెట్టాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, దిక్కుల్లో పొరపాటు చెయ్యను. మధ్యాహ్నానికి ఆవిడ తలగడ గుమ్మంవైపుకి మార్చేసుకుంది. నేను మళ్ళీ సరిచేశాను. ఇలా పదిరోజులు గడిచాయి. పదకొండోరోజు మా ఆవిడ అరిచింది.

"ఏంటమ్మా ఈ అపశకునం?"

"యముడికి పని తేలిక చేస్తున్నారా అత్తయ్యా?" అన్నాను నేను.

"ఆడికి మన ఇల్లు తెలుసులే బాబూ. ఇదివరకోపాలి వచ్చాడు."

అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్న రబ్బరుతోట కూలి మానేసి, సొంత నేల చేసుకుందామని అడవి నరకడానికి పోయాడట. గుడిసె వేస్తే ఏనుగులు పడగొట్టేవి. అందుకని కొండవాలులోకే తవ్వి గది చేశాడు. మూడువైపులా మన్ను, ముందు వెదురుతడిక, పైన ఆకులకప్పు. గోడల్లోంచి చెట్ల వేళ్ళు పొడుచుకొస్తే వాళ్ళమ్మ వాటికి గిన్నెలు తగిలించేది. అన్నం తినేటప్పుడు ఒక చెయ్యి కంచం మీద అడ్డం పెట్టుకోవాలి, పైనుంచి ఏది రాలుతుందో తెలీదు. వానాకాలమంతా గోడలు చెమర్చేవి, బట్టలు ఆరేవి కావు.

"ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు బాబూ. కాళ్ళు కొండవైపు, తల గుమ్మంవైపు. గోడ జారితే కాళ్ళు పోతాయి గానీ ముక్కు బయటుంటాది."

తలగడ ఒళ్ళోకి తీసుకుంది.

"తమ్ముడికి జ్వరం. అమ్మా నాన్నా చెట్లు కొట్టడానికెళ్ళారు. గుమ్మంలోంచి జల్లు కొడతంది. తడిసిపోతాడని నేనే ఆడి తల లోపలికి తిప్పి పడుకోబెట్టి, నీళ్ళకెళ్ళాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు."

"తరవాత?" అంది మా ఆవిడ. తనకో మేనమామ ఉండేవాడని నలభై రెండేళ్ళ వయసులో ఆ పూటే వింది.

"కాళ్ళకేటీ అవలేదు," అంది అత్తగారు. "మట్టి కూడా అంటలేదు."

"పిల్లల గదిలో పడుకుందురు గాని రండి అత్తయ్యా," అన్నాను. మొహమాటానికైనా వద్దంటుందనుకున్నాను. అనలేదు. మేం మంచం మడిచేలోపే వెళ్ళి హాల్లో నిలబడింది.