దుప్పులమడుగు గృహప్రవేశం

కరోనా భయం వదిలి జనం మళ్లీ రోడ్డెక్కిన రోజులవి. నేను అప్పటికి చాలా ఏళ్లుగా కర్నూలులో ఒక దినపత్రికకు విలేకరిని. శ్రీశైలం రోడ్డు నుంచి నల్లమల లోపలికి తిరిగితే, కొండమీద దుప్పులమడుగు అని చిన్న నీటిపట్టు ఉంది. అభయారణ్యం కిందికి వస్తుంది. పై బండల్లోంచి సన్నటి ఊట దిగుతుంది. ఎప్పటివాళ్లో గొర్రెల కాపరులు దానికి అడ్డంగా రాళ్లు పేర్చి, సందుల్లో బంకమట్టి కూరి కట్ట వేశారు. ఆ కట్ట ఆపిన నీళ్లే ఎండాకాలమంతా దుప్పులకు, ఎలుగుబంట్లకు ఆధారం.

ఎవరో ఫోన్లో వీడియో పెట్టారు. అంతే, శ్రీశైలం పోయే కార్లన్నీ ఒక పూట అక్కడ ఆగడం మొదలుపెట్టాయి. కొండ కింద ఓబులమ్మ ఉగ్గాని, బజ్జీల అంగడికి గిరాకీ పెరిగింది. ఆమెది కోడుమూరు పక్క పల్లె. ఏటా సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పోయే బతుకు. అంగడి పెట్టాక ఆ పోకడ మానేసింది.

శివరాత్రి దాటాక ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"పేపరన్నా, ఒకతూరి వచ్చిపో. మడుగు ఎండిపోతాండాది. మేడం దారి మూసేస్తాదంట. మూసేస్తే నేను మళ్లీ మూట కట్టాల్సిందే."

వెళ్లాను. మేడం అంటే ఫారెస్ట్ రేంజర్ మాధవి, కడప అమ్మాయి. మడుగు ఒడ్డున నిలబడి నీళ్లలో మునిగిన బండమీద ఒక తెల్లటి గీత చూపించింది.

"నిండు ఎండల్లో గానీ నీళ్లు ఈ గీత దాకా దిగేవి కాదు సార్. ఇప్పుడే బెత్తెడు పైన ఉన్నాయి. ఉగాదికి గీత బయటపడితే దారి మూసేస్తా. జనానికి చూడ్డానికి ఇంకా చోట్లున్నాయి. దుప్పులకు లేవు."

ఆమె మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. వానలు మారిపోయాయి. నాలుగు రోజులు నిదానంగా కురవాల్సింది ఒక పూట కుండపోతగా పడి కొండ దిగిపోతోంది. నేలలోకి ఇంకి ఊటకు చేరేది తక్కువ. వార్త నా బుర్రలో తయారైపోయింది. డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో వచ్చే ఊరి పేరు, దానితో సహా. ఇక ఫోటో తీస్తే సరి.

నాకు పని నేర్పిన పాత ఫోటోగ్రాఫర్ ఒకాయన ఒక అలవాటు అంటించాడు. చెరువైనా, వాగైనా ఏటా ఒకేచోట నిలబడి తీయాలి. అలా దాచిన బొమ్మను ఫైల్ ఫోటో అంటాం. వీడియోలు రాకముందు ఒక వేసవిలో ఈ మడుగును ఏ బండమీద నిలబడి తీశానో, అదే బండ ఎక్కి తీశాను. కొండ దిగి, ఓబులమ్మ పెట్టిన ఉగ్గాని తింటూ, ఫోన్లో రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాను.

పాత ఫోటోలో నడుము ఎత్తున ఉన్న కట్ట కొత్తదాంట్లో మోకాలి దాకే ఉంది. కట్ట కింద ఎప్పుడూ ఎర్రగా ఎండి ఉండే నేల మీద పచ్చటి గడ్డి చార. ఒడ్డు పొడవునా, పాత ఫోటోలో లేనివి, రాయిమీద రాయి పేర్చిన బుజ్జి గోపురాలు.

ఆ గోపురాలేమిటో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. కొండమీది దేవుడి దగ్గరికి పోయినవాళ్లు సొంతిల్లు కావాలని మొక్కి రాళ్లు పేర్చి వస్తారు. ఈ మడుగు దగ్గర దేవుడు లేడు, అయినా జనం మొక్కు వదల్లేదు. చేతికి అందిన రాళ్లన్నీ కట్టవే. రాయి ఊడితే మట్టి కరిగింది, నీళ్లు జారిపోతున్నాయి.

కొండ దిగి అంగడి దగ్గరికి వచ్చిన మాధవికి ఫోటోలు చూపించాను. ఆమె ముఖం వికసించింది.

"ఇంతేనా! చెన్నయ్యా, ఆ రాళ్లన్నీ పీకి కట్టమీద పెట్టించు."

అడవి కాపలా చూసే వాచర్ చెన్నయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నావల్ల కాదు మేడం. ఒక్కోటి ఒక్కో సంసారం ఇల్లు. కూల్చితే ఉసురు తగులుతాది."

"అవి రాళ్లయ్యా!"

"మీది యాడుండాదో చెప్పండి మేడం, ముందు దాన్నే పీకుతా."

మాధవి నవ్వాపుకుంటూ అటు తిరిగింది. ఆమె కూడా ఒకటి పేర్చిందని నాకప్పుడు అర్థమైంది.

ఓబులమ్మ బజ్జీల గరిటె పట్టుకునే అంది. "కూల్చేదెందుకప్పా? ఇల్లు మారిస్తే పోలా! బాడుగింట్లో నుంచి సొంతింటికి పోమా ఏంది? పాలు పొంగిచ్చి, మంచిమాట చెప్పి ఎత్తుకుపోదాం."

"అడివిలో నిప్పు పెడితే నేనే కేసు రాయాల్సొస్తాది," అంది మాధవి.

"ఈడ పొంగిచ్చి ఫ్లాస్కులో పోసుకుని పోదాం మేడం. దేవుడేమన్నా చేయిపెట్టి చూస్తాడా?"

నా ఉద్యోగంలో ఎన్నో ప్రారంభోత్సవాలు రాశాను. ఫ్లాస్కుతో జరిగిన గృహప్రవేశం అదొక్కటే. ఓబులమ్మ ముందు తన గోపురం దగ్గర కూర్చుని, "ఇల్లు మారుతాండాము తల్లీ, కోపం పెట్టుకోవద్దు," అని పాలచుక్క వేసి రాళ్లెత్తింది. రెండోది మాధవిది. చెన్నయ్యకు ధైర్యం వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా చేతులు కలిపారు. రాళ్లు కట్ట మీదికి చేరాయి, సందుల్లో బంకమట్టి పడింది.

కొత్తగా వచ్చేవాళ్ల మొక్కు మాటేమిటి? అంగడి పక్కన రోడ్డు పనికి తవ్విపోసిన రాళ్ల గుట్ట ఉంది. కావాల్సినవాళ్లు అక్కడినుంచి ఒక రాయి మోసుకుపోయి, చెన్నయ్య చూపినచోట పెట్టాలి. హైదరాబాదు కుర్రాడొకడు రెండు రాళ్లెత్తితే ఓబులమ్మ ఆపింది.

"ఏమప్పా, డూప్లెక్సా?"

"ఒకటి మా అత్తగారికండీ."

"అట్లయితే దూరంగా పెట్టుకోపో!"

ఉగాది ముందురోజు మాధవి పిలిస్తే మళ్లీ కొండెక్కాను. ఓబులమ్మ అంగడి మూసి మా వెనకే వచ్చింది. మాధవి ఒడ్డున వంగి చూసి, ఓబులమ్మ చేయి పట్టుకుని లాగి చూపించింది. గీత నీళ్లలోనే ఉంది.

దారి మూయలేదు. సాయంత్రం నాలుగు తర్వాత ఎవరూ ఎక్కకూడదని, ప్లాస్టిక్ తేకూడదని, దుప్పులు ఈనే నెలల్లో సెలవని కట్టుబాట్లు మాత్రం పెట్టారు. ఓబులమ్మ ఆ ఏడు మూట కట్టలేదు.

వాన ఇప్పటికీ ఒక్క పూటలోనే కురిసి పోతోంది. కట్ట దాన్ని మార్చలేదు, కాస్త ఆపుతోందంతే. వానల వల్లే మడుగు ఎండుతోందని మొదట అనుకున్న వార్త కూడా అబద్ధం కాదు, సగం నిజం. ఆ రోజు నుంచి ఎండిన నీళ్ల ఫోటో తీసేటప్పుడు ఆకాశం చూశాక కట్టనూ చూస్తున్నాను. మిగతా సగం అక్కడ దొరుకుతుందేమోనని.

మొన్న అటు వెళ్లినప్పుడు ఓబులమ్మను అడిగాను, సొంతిల్లు మొక్కు తీరిందా అని.

"యాడన్నా, పునాది కాడుండాది. పైనుండే ఇంట్లో మాత్రం పొద్దున్నే చుట్టాలు," అంది, బజ్జీలు తిప్పుతూ. "కట్టమీద నిలబడి నీళ్లు తాగుతాండాయి. పిలవకుండానే వచ్చినాయి దుప్పులు!"