ముందు పిల్లల సంగతి చెప్పు

బెర్తలాన్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి ఇంటి సంగతులన్నీ ఆరా తీస్తే తప్ప మగ్గులో బీరు పొయ్యడు. అమెరికాలో టొలీడో ఊళ్లో సందుకో దొంగ బారు ఉండేది గానీ, తాగడానికి వెళ్లి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు జవాబులు చెప్పుకోవలసిన చోటు మాత్రం మా హంగేరీ వాళ్ల పేటలో అదొక్కటే.

ముందు వైపు సాసేజీల కొట్టు, వెనక తలుపు తీస్తే నైట్‌క్లబ్బు. ఫౌండ్రీలో షిఫ్టు దిగి, నాలుక పిడచకట్టుకుపోయి వచ్చినవాణ్ని కూర్చోబెట్టి మొదలుపెట్టేవాడు. పిల్లలెంతమంది? చిన్నదానికి దగ్గు తగ్గిందా? ఇంట్లో బొగ్గులున్నాయా? అంతా విని, తల పంకించి, మగ్గు పట్టుకుని తెర వెనక్కి పోయేవాడు. ఆ తెర వెనక్కి ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. క్లబ్బులో సగం వాటా ఉన్న ఆయన పెళ్లాం ఎటెల్కా కూడా. పెళ్లికాని కుర్రాళ్లకి ప్రశ్నలు తక్కువ, బీరు తొందరగా వచ్చేది.

"వాళ్ల పిల్లల దగ్గు నీకెందుకయ్యా? డాక్టరువా?" అని ఎటెల్కా తల బాదుకునేది. ఒకసారి మామూలు కోటు వేసుకుని గుట్టుగా వచ్చిన చర్చి ఫాదర్‌ని కూడా అలవాటు కొద్దీ పిల్లలెంతమంది అని అడిగేశాడు. ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

అయినా జనం విరగబడి వచ్చేవారు. బీరు అంత ఘాటు మరి. మద్యం బంద్ చేసిన సర్కారు, మత్తు తీసేసిన చప్ప బీరు మాత్రం అమ్ముకోమంది. అందులో స్పిరిట్ కలిపి అమ్మడం ఊళ్లో అందరూ చేసే పనే. కానీ బెర్తలాన్ చేతి బీరు రెండు మగ్గులు పడితే ఎంత బండ మనిషైనా బల్లెక్కి పాడేవాడు.

ప్రాణం మీదికి తెచ్చింది ఆ పాటే. ఊరంతటికీ స్పిరిట్ పోసేది క్విన్లన్ ముఠా. వేరేవాళ్ల దగ్గర కొన్నవాడి కొట్టు మర్నాటికి బూడిదయ్యేది. ఒక మంగళవారం క్విన్లన్ స్వయంగా వచ్చాడు, గుమ్మానికి పట్టనంత మనిషి. గొంతు కూడా పెంచలేదు. తమ దగ్గర కొనేది చారెడు, ఇక్కడ జనం ఊగేది బారెడు, మిగతా సరుకు ఎవడిస్తున్నాడో శనివారం సాయంత్రానికి చెప్పాలన్నాడు. చెప్పకపోతే అగ్గిపెట్టె తానే తెస్తానన్నాడు.

అప్పట్నుంచి ఎటెల్కాకి కాళ్లూ చేతులూ ఆడలేదు. తల్లి ఇచ్చిన పింగాణీ పళ్లేలు తగలబడిపోతాయని పక్కింట్లో దాచింది. పక్కింటావిడ వాటిలో తింటుందేమోనన్న బెంగతో మళ్లీ వెనక్కి తెచ్చుకుంది. అన్నిటికన్నా పెద్ద భయం, మొగుడు నిజంగానే ఎవరి దగ్గరో కొంటున్నాడని.

"ఎవరి దగ్గర తెస్తున్నావు? నాకైనా చెప్పి చావు."

"ఎవరి దగ్గరా తేవడం లేదే."

"మరి జనం అంతలా ఎందుకు ఊగుతున్నారు?"

"సంతోషంగా ఉన్నారేమో" అన్నాడు బెర్తలాన్. ఆవిడ చేతిలో అట్లకాడ ఉన్న విషయం ఆయన గమనించలేదు.

శనివారం రానే వచ్చింది. ఎటెల్కా క్లబ్బులో వాయించే ఫిడేలు వాళ్లని వెనక తలుపు దగ్గర కూర్చోబెట్టింది, పారిపోవడానికి వీలుగా. క్విన్లన్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, ముందు ఆ బీరేదో పట్రమ్మన్నాడు. ఈ ఒక్కణ్నీ ఏమీ అడక్కుండా చూడు తండ్రీ అని ఎటెల్కా లోలోపల మొక్కుకుంది.

"పిల్లలెంతమంది?" అన్నాడు బెర్తలాన్.

ఫిడేళ్లు ఆగిపోయాయి. క్విన్లన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ముగ్గురు. ఆడపిల్లలు."

"పెద్దది బడికి పోతోందా?"

"పోతోంది. లెక్కల్లో దిట్ట" అన్నాక, ఎందుకు చెప్పానా అన్నట్టు తన మనుషుల వైపు చూశాడు.

బెర్తలాన్ తల పంకించి, మగ్గు పట్టుకుని తెర వెనక్కి పోయాడు.

రెండో మగ్గుకి క్విన్లన్ టై వదులు చేసుకున్నాడు. మూడో మగ్గుకి బల్లెక్కి, వాళ్లమ్మ పాడే జోలపాట ఎత్తుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని మనుషులు ఇంటికప్పు కేసి చూస్తూ నిలబడ్డారు. పాట అయ్యాక దిగొచ్చి బెర్తలాన్ కాలరు పట్టుకున్నాడు. తన సరుకు ఇంత ఘాటుండదు, ఇదెవడిదో చెప్పమని తెర వెనక్కి ఈడ్చుకుపోయాడు. మొగుణ్ని చంపేస్తాడని ఎటెల్కా కూడా లోపలికి దూసుకుపోయింది.

లోపల చప్ప బీరు పెట్టెలున్నాయి. క్విన్లన్ స్పిరిట్ డబ్బా ఒకటుంది. పక్కన మండే ఎర్ర కారం డబ్బా. అంతే.

"పెళ్లికానివాళ్లకి మీ సరుకే పోస్తాను" అన్నాడు బెర్తలాన్ కాలరు సర్దుకుంటూ. "పిల్లలున్నవాళ్లకి వాసన కోసం మగ్గు అంచుకి మీది కాస్త రుద్ది, లోపల చప్ప బీరులో చిటికెడు కారం. తాగామనుకుంటే చాలు, పాడాలన్న సరదా ఎలాగూ తీరుతుంది. బయట చలిగాలి తగలగానే ఆ ఉత్తుత్తి మత్తు దిగిపోతుంది. పిల్లల ముందుకి తూలకుండా వెళతారు."

ఎటెల్కాకి మొగుణ్ని చూస్తే ముద్దొచ్చింది, వెంటనే భయమూ వేసింది. క్విన్లన్ మొహం ఆ కారం రంగుకి తిరిగింది.

"అంటే ఇందాక నేను బల్లెక్కింది..."

"కారానికి" అన్నాడు బెర్తలాన్.

క్విన్లన్ తెర సందులోంచి తన మనుషుల్ని చూశాడు. కొట్టు తగలబెడితే ఎందుకు తగలబెట్టాడో వాళ్లకి చెప్పాలి. తెర పూర్తిగా లాగేశాడు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మన ముగ్గురికే."

"నాలుగోవాడికి తెలిశాక మీరు ఉండరు."

బయటికొచ్చి, సరుకంతా తమదేనని ప్రకటించి, తన మనుషులిద్దరి భుజాల మీదా చేతులేసి, పాపం గుమ్మం దాకా తూలుకుంటూ నడిచాడు.

మళ్లీ శనివారం తలుపులో అదే ఆకారం కనపడేసరికి ఎటెల్కా పింగాణీ పళ్లేల కోసం పరుగెత్తింది. క్విన్లన్ తిన్నగా బెర్తలాన్ దగ్గరికెళ్లి, వెనకున్న ఇద్దర్నీ కళ్లతోనే చూపించి చెవిలో గొణిగాడు.

"పొట్టివాడికి మొన్ననే కవలలు పుట్టారు. రెండోవాడు బ్రహ్మచారి, వాడికి ఏదైనా పొయ్యి. నాకు మాత్రం కారం కాస్త దట్టించు."