వంగితే వచ్చే గొంతు

వరి ఉడుపుల్లో చిన్నతల్లి పాట ఎత్తుకుంటే పక్క ఊరి ఎడ్లు దమ్ము దున్నడం ఆపి వినేవని రాజాం చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఎడ్ల సంగతి దేవుడికెరుక. కూలీ ఆడవాళ్లు మాత్రం ఆ పాట వెంటే నారు నాటుకుంటూ, ఎంత నాటారో తెలియకుండా గట్టు చేరేవారు.

అరవై ఎనిమిదిలో పేటలోని బాప్టిస్టు చర్చిలో పంతులమ్మ జ్ఞానసుందరి పాటల బృందం మొదలుపెట్టింది. శనివారం పొద్దువాలాక సాధన. చిన్నతల్లి కాళ్ల బురద కడుక్కుని బయల్దేరుతుంటే మొగుడు సీమోను అడ్డుపడ్డాడు.

"నడుం ఇరిగిపోతన్నాదని పొద్దున్నే ఏడిసినావు. మల్లీ ఈ పాటలేటే?"

"ఇన్నాళ్లూ బురద సూసుకునే పాడినాను మావా. ఒక్కసారైనా మనుసుల మొకాలు సూసి పాడాల."

తీరా బృందంలో నిటారుగా నిలబడి నోరు తెరిస్తే గొంతు రాలేదు. గాలే వచ్చింది. రెండో శనివారమూ అంతే. మూడో శనివారం, ఉడుపుల్లో ఆమె పక్కనే నాటే లీలారాణి నవ్వింది.

"ఎడ్లు ఎల్లిపోనాయి గావాల. ఎవులికని పాడతాది?"

పంతులమ్మ నవ్వలేదు. "రేపే ఆరాధనలో పాట. నువ్వు బాగా అలిసిపోయావు చిన్నతల్లీ. రేపటికి బెంచీ మీద కూర్చో."

ఏడవడానికి కూడా ఓపిక లేదు చిన్నతల్లికి. బయటికొచ్చి, వస్తూ కోసుకొచ్చి గుమ్మం పక్కన దింపిన గడ్డిమోపు ఎత్తుకోడానికి వంగింది. వంగిందో లేదో, ఇరవై ఏళ్ల అలవాటు, గొంతు దానంతటదే తెరుచుకుంది. నేర్చుకున్న పాటే, మొదటి నుంచి చివరి దాకా. లోపల హార్మోనియం ఆగిపోయింది.

"సూసినారా పంతులమ్మగోరూ," అంది లీలారాణి. "దీని గొంతు నడుంలో ఉన్నాది."

ఆదివారం చిన్నతల్లి ముందు బెంచీ పట్టుకుని, నాట్లప్పటిలాగే వంగి పాడింది. కనిపించినవి కాళ్లే. పగుళ్ల కాళ్లు, ఒకటి రెండు చెప్పుల కాళ్లు. ఇంత భక్తి తన జన్మలో చూడలేదని సంఘపెద్ద సత్యానందం కళ్లు తుడుచుకున్నాడు. సగం పాటలో ఆమె నడుం భగ్గుమంది. తలెత్తితే మొహాలు కనిపిస్తాయి, గొంతు పోతుంది. తలెత్తలేదు.

పాట అయ్యాక నడుం మీద చెయ్యేసుకుని, కొంచెం కొంచెంగా లేచింది. చర్చి నిండా మొహాలు. అన్నీ తనవైపే. వాటిని ఒక్కొక్కటే చూసి, బెంచీ మీద కూలబడింది. తెల్లారితే మళ్లీ ఉడుపులు.