అట్ట వెనక వసపిట్ట

ఆసుపత్రిలో చీటీలు రాసే ఆవిడని అందరూ వసపిట్ట అనేవారు. రోగి తన పేరు చెప్పేలోపే వాళ్ళ ఏడు తరాల కబుర్లూ లాగేసేది. ఇంట్లోనూ అంతే. కుట్టుమిషను మీద వంగి ఉండే దర్జీ మొగుడు పైకి విసుక్కునేవాడు గానీ, ఆ వాగుడు లేకపోతే ఆయనకి ఏమీ తోచేది కాదు.

ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ తయారుచేస్తామని కొందరు వచ్చారు. తయారీకి ముందే అది ఎలా పనిచేస్తుందో ఆటలా ఆడి చూద్దామని, దాన్ని వాడబోయేవాళ్ళనే కూర్చోబెట్టి, కంప్యూటర్ తెరలన్నీ కాగితాల మీద గీయించారు. నర్సులూ రోగులూ వచ్చి కాగితం మీది బటన్ మీద వేలు పెట్టాలి. బల్ల మీద అడ్డుపెట్టిన అట్ట వెనక కూర్చున్న మనిషి కంప్యూటరై, జవాబు చదివి కాగితం మార్చాలి. ఆ వేషం మన వసపిట్టకే పడింది. అందరూ పగలబడి నవ్వారు.

"వేలు పెడితేనే పలకాలండీ. కాగితం మీదున్నదే చదవాలి, సొంత మాట ఒక్కటీ వద్దు," అంది ఆట నడిపే అమ్మాయి.

మొదట్లో రెండు మూడుసార్లు నోరు జారింది. తర్వాత జారలేదు. చివరి రోజు ఒక ముసలాయన "బాగున్నావా తల్లీ?" అంటే, రెప్ప వాల్చకుండా ఆయన వేలికేసి చూస్తూ కూర్చుంది. అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గోడవారగా కూర్చుంది.

"ఏమే, ఆకలేస్తోంది. వినపడట్లేదా?" అన్నాడు దర్జీ. ఉలుకూ పలుకూ లేదు. ఒళ్ళు మండి భుజం మీద వేలితో పొడిచాడు.

"మీకు కావలసింది ఎంచుకోండి," అంది.

వేళాకోళం అనుకున్నాడు. తెల్లారినా అదే తీరు. వేలు తగిలితే లేచేది, వేలు తగిలితే తినేది. ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆ అమ్మాయి గోడ మీది కాగితాలు ఊడదీస్తోంది.

"ఆట అయిపోయిందని దానికి చెప్పారా అమ్మా?"

అమ్మాయి ఊడదీయడం ఆపేసింది. "వచ్చినవాళ్ళందరికీ చెప్పామండీ. కంప్యూటరుకి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. కంప్యూటరుని ఆపాలంటే 'ముగించు' బటన్ నొక్కుతారంతే."

"ఆ కాగితం ఇలా ఇవ్వు."

"లేదండీ. ఆసుపత్రికి రాత్రనకా పగలనకా పనే, ముగించే బటన్ ఎందుకని అందరూ కలిసి తీసేయించారు." గొంతు తగ్గించింది. "ముందు చెయ్యెత్తింది ఆవిడే."

ఆయన ఒక కాగితం అడుక్కుని, పెద్దక్షరాలతో "ముగించు" అని తనే రాసుకున్నాడు. ఇంటికెళ్ళి ఆవిడ ముందు పరిచి, వేలు దాని మీద పెట్టాడు.

ఆవిడ కాగితాన్ని చూసింది.

"మీరు కోరింది ఇందులో లేదు. మరొకటి ఎంచుకోండి."

దర్జీకి ఏడుపొచ్చింది. మరొకటి ఆయనకి అక్కర్లేదు. అయినా ఆ గొంతు వినాలని మళ్ళీ వేలు పెట్టాడు.