ఒత్తు ఊడని పేరు

మా చిన్నమ్మ పోయిందని ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోనులో ఆమె పేరు లేదు. ఓ పొడుగాటి నంబరు చదివి, "ఈ పేషెంటు మీవాళ్లేనా? ఎక్స్‌పైర్ అయినారు, వచ్చి తీసుకుపోండి" అన్నారు. కూలివాళ్ల పేర్ల కోసం పోట్లాడిన మనిషి చావుకబురు అలా వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

చిన్నమ్మకు కడపలో లేబుళ్ల షాపు ఉండేది. విత్తనాల సంచులకు మామూలు స్టిక్కర్లతో మొదలుపెట్టి, ఈమధ్య ఆర్‌ఎఫ్‌ఐడి స్మార్ట్ లేబుళ్ల దాకా వచ్చింది. చూడటానికి అదీ స్టిక్కరే. కాగితం కింద మాత్రం ఆవగింజంత చిప్పు, దాని చుట్టూ సన్నని రేకు తీగ ఉంటాయి. పైన అక్షరాలు అచ్చవుతుండగానే ప్రింటరు లోపలి చిప్పులో నంబరు రాసేస్తుంది. కంప్యూటర్లో లేబుల్ గీసేటప్పుడు చిన్నమ్మ ఎవరినీ నోరెత్తనిచ్చేది కాదు. "లోపల రాసేది మిషన్‌కి, పైన రాసేది మనిషికి. రెండూ లేకుంటే అది లేబులే కాదు" అనేది.

ముగ్గురాయిని పొడిచేసే మిల్లు ఒకటి కూలీల హెల్మెట్లకు లేబుళ్లు అడిగింది. గేటు దాటగానే హాజరు పడాలట. చిన్నమ్మ నంబరు పైన ప్రతివాళ్ల పేరూ తెలుగులో పెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగంటే లెక్కలేదు. ఒత్తులన్నీ ఊడగొట్టి "సుబ్‌బన్‌న" అని అచ్చేసింది. మేనేజరుతో పాటు నమూనా చూడటానికి వచ్చిన కూలీ సుబ్బన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం మా, నా పేరుకు నత్తి వచ్చినాదే" అన్నాడు. అందరం నవ్వాం. మేనేజరు నవ్వలేదు.

"పేర్లు తీసేయక్కా. గేటు చదువుకునేది నంబరే కదా."

"గేటు చదువుకుంటాది. పక్కనోడు ఏమని పిలవాల? పొడి పడితే ఆడ అందరిదీ ఒకటే మొగం. పైనుంచి రాయి వస్తాంటే, నీ నంబరంతా చదివేలోపల వాని పని అయిపోతాది."

"ఒత్తులు ఊడిపోతాండాయి కదక్కా మరి."

"ఊడితే అతికిస్తాలేప్పా. నల్లులుండాయని మంచం కాలబెడతావా?"

అతికించింది కూడా. ఒక్కో పేరునూ విడిగా టైపు చేసి, బొమ్మగా మార్చి, లేబుల్లో కూర్చింది. అంతా అయ్యాక మిల్లువాళ్లు ఆర్డరు ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఇంకొకరు నంబర్లు మాత్రమే వేసిచ్చారు. చిన్నమ్మ సుబ్బన్నను పిలిపించి అతని పేరున్న లేబుల్ చేతిలో పెట్టింది. "చిప్పు ఖాళీదిలే. గేటు చదవదు. మనుషులు చదువుతారు, అంటించుకో."

టెక్నాలజీకి అడ్డం పడొద్దని నాకు నీతులు చెప్పే పెద్దమనుషులారా, ఆమె ఆ టెక్నాలజీతోనే అన్నం తింది. ఆమె అడ్డం పడింది యంత్రానికి కాదు, మీ తెంపరితనానికి. అంత చిన్న చీటీలో కంపెనీ ముద్రకు చోటుంది, కూలివాని పేరుకే లేకపోయింది. మీ పేర్లు గుమ్మం పలకల మీదా పెళ్లిపత్రికల మీదా డిగ్రీలతో సహా పడతాయే, అక్కడ నంబరు చాలదా?

ఆస్పత్రి శవాల గదిలో చిన్నమ్మ మణికట్టుకూ అలాంటి చిప్పున్న పట్టీయే. పైన ఆస్పత్రి ముద్ర తప్ప ఒక్క అక్షరం లేదు, నంబరు కూడా చిప్పులోనే. అక్కడి ఉద్యోగి చేతిమిషన్ ఎంత ఊపినా అది పలకలేదు.

"చదవడంల్యా సార్. కన్ఫర్మ్ కాకుండా బాడీ ఇయ్యలేం."

"మా చిన్నమ్మ మొహం నేను చదువుతున్నా కదయ్యా."

"సిస్టంలో రావాల సార్."

హెల్మెట్లకే ఎందుకు అంటించాలో చిన్నమ్మ ఒకప్పుడు చెప్పిన మాట గుర్తొచ్చింది. "మనిషి ఒళ్లంతా నీళ్లే గదా. చర్మానికి అతుక్కుంటే చిప్పు మూగదైపోతాది." చల్లబడిన ఆ చేతిని పైకెత్తి, పట్టీని చర్మానికి ఎడంగా లాగి పట్టుకున్నా. మిషన్ కూసింది. అప్పుడు ఇచ్చారు మా చిన్నమ్మను మాకు.

ఇంటికి తెచ్చేసరికి ఆమె కూతురు షాపు తెరిచి, ఒక లేబుల్ అచ్చేసి తెచ్చింది. పట్టీ మీది ఆస్పత్రి ముద్రను కప్పేస్తూ అంటించింది. సుబ్బన్న పనిలోంచే వచ్చాడు, కనుబొమ్మల మీద తెల్లపొడితో. హెల్మెట్ చంకన పెట్టుకుని, వంగి, ఆమె చేతి మీది పేరును కూడబలుక్కుంటూ పైకే చదివాడు. ఒక్క ఒత్తూ ఊడలేదు.