జోకొట్టిన చెయ్యి

బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేయమంటే వెయ్యను. ఆ తల మీద ఒట్లు పెట్టే ధైర్యం నాకిక లేదు. కానీ జరిగింది జరిగినట్టే చెబుతాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్లిపోతాను.

నాకు పుట్టింది కవలలు. ముందు బాబు, వెనక పాప. బాబు పదకొండో రోజు పురుడు కాకముందే పోయాడు. వాడి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే నాకు పాలు ఇంకిపోతాయని మా అత్త భయం. ఎత్తకపోతే మాత్రం ఏం లాభం... పాప పాలు తాగదు. రాత్రంతా ఏడుపే. పక్కన ఖాళీ చోటును చేత్తో తడుముతుంది. ఈ వారం కూడా బరువు పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చాలంది డాక్టరమ్మ. ఇది కూడా నాకు దక్కదేమోనని కంటి మీద కునుకు లేదు.

మా మేడ మీద గదిలో నైజీరియా అమ్మాయి ఉంటుంది. తిరుపతిలోనే చదువు. పేరు కెహిందే. వాళ్ల యోరుబా జాతిలో కవలల్లో రెండో బిడ్డకు పెట్టే పేరట అది. తన తోడు పుట్టినవాడూ పసితనంలోనే పోయాడు. ఇది జరిగిన రోజు సాయంత్రం, చెన్నై వెళ్తున్నానని చెప్పడానికి కిందికి దిగింది.

మా అత్త వాకిట్లో సానరాయి ముందు కూర్చుని ఉంది. నా పెళ్లికి మా అమ్మ చిత్తూరు నుంచి తెచ్చిన ఎర్రచందనం బొమ్మల జంట ఉంది, దసరా కొలువులో పెట్టేవి. ఉక్కకు పాప ఒళ్లంతా పేలింది. ఎర్రచందనం చలవ కదా, అందుకని మగబొమ్మను నీళ్లతో అరగదీసి పూస్తోంది. ఆడబొమ్మకు కట్టిన పట్టుచీర తడుస్తుందని దాన్ని ముట్టుకోదు. మగబొమ్మకు అప్పటికే పాదాలు అరిగిపోయాయి.

అది చూసి కెహిందే మెట్ల దగ్గరే ఆగిపోయింది. వచ్చీరాని తెలుగులో అంది.

"అక్కా... మా ఊర్లో పోయిన బిడ్డకు చెక్కబొమ్మ చేస్తారు. స్నానం, అన్నం, అన్నీ. బతికిన బిడ్డ పక్కనే పడుకోబెడతారు. కవలలకు ఒక అమ్మ ఉంటుంది. కనపడదు. ఆమెకు ఇద్దరూ కావాలి. మీరు వాణ్ణి అరగదీసి పాపకు పూస్తున్నారు."

"యేందమ్మే, బిడ్డకు మందు పూస్తా ఉంటే ఈ మాట్లేంది? పో, పొయ్యి బస్సు సూసుకో!" అని మా అత్త లేచింది.

నాకూ ఒళ్లు మండింది. మా బొమ్మ, మా ఇష్టం అన్నాను. తను బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. నేను ఆ మగబొమ్మను తీసుకెళ్లి అల్మారా పై అరలో పడేశాను.

మా ఆయనకు ఆ రాత్రి డ్యూటీ. గదిలో నేనూ పాపా. కరెంటు పోయింది. ఉక్క... పాప ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ఆపేసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊపిరి ఆడుతోందో లేదో చూద్దామని లేవబోయాను.

అప్పుడు వినిపించింది.

తప్... తప్... తప్...

జోకొడుతున్న చప్పుడు. ఒంటి మీద అరచెయ్యి మెత్తగా పడే చప్పుడు. అత్త వచ్చిందనుకున్నాను. పోనీలే అని కళ్లు మూసుకున్నాను కూడా.

దాని వెనకే ఇంకొకటి...

టక్... టక్...

అదీ జోకొట్టడమే. కానీ చెక్క మీద.

తప్... టక్... తప్... టక్...

తడిచిన చందనం వాసన. దాంతోపాటు పాల వాసన.

"అత్తా..." అన్నాను. మళ్లీ పిలిచాను.

"యేం మే? బిడ్డ ఏడస్తా ఉండాదా?"

ఆ గొంతు హాల్లోంచి వచ్చింది. మూసిన తలుపు అవతలి నుంచి. చప్పుడు మాత్రం ఆగలేదు... రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను. అరిస్తే పాప లేస్తుంది. అంత భయంలోనూ నాకు అదే ఆలోచన.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. చప్పుడు లేదు. పాప ఒక చెయ్యి చాపుకుని నిద్రపోతోంది. ఆ చేతి కింద బొమ్మ. బాబు కోసం కుట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచేసిన చిన్న బొంతలో చుట్టి ఉంది.

"నువ్వే పెట్టింటావు మే, నిద్దరమత్తులో," అంది అత్త.

కావచ్చు. నా కుడి అరచేతికి ఎర్రగా చందనం అంటి ఉంది. కానీ ఆ చప్పుడు వింటున్నప్పుడు నా చేతులు రెండూ నా నోటి మీదే ఉన్నాయి. ఆ మాట చెప్పాక అత్త మళ్లీ ఆ బొమ్మను రాతి మీద పెట్టలేదు.

తెల్లారి పాప పాలు తాగింది. వారానికి బరువూ పెరిగింది. తను రాసిచ్చిన మందు పనిచేసిందంది డాక్టరమ్మ. అదీ కావచ్చు.

కెహిందే తిరిగొచ్చాక అడిగాను, మీ కవలల అమ్మ అంత దూరం నుంచి ఇక్కడికెలా వస్తుందని. తను నవ్వలేదు.

"నేను వచ్చాను కదా అక్కా," అంది.

ఇప్పుడు పాప పక్కనే బొమ్మనూ పడుకోబెడుతున్నాను. ఇద్దరినీ నేనే జోకొడతాను. నిన్న రాత్రి అలిసిపోయి మధ్యలో చెయ్యి ఆపేశాను. చెక్క మీద చప్పుడు మాత్రం ఆగలేదు. నేను కళ్లు తెరవలేదు. భయమేసి కాదు... చూస్తే ఆపేస్తుందేమోనని.